మూడో ఫిర్యాదు

కసిల్దా గొంతెత్తి అరిస్తే స్పెయిన్‌లోని సలమాంకా పెద్దచర్చి గోపురం మీది కొంగలు గూళ్ళు మార్చుకుంటాయని ఆ వీధిలో అందరూ ఒట్టేసి చెబుతారు. అది కాస్త ఎక్కువ. కొంగలు మార్చుకున్నది ఒక్కసారే. 1971లో ఒక ఇటలీ కుర్రాడు ఆవిడ వంటింట్లోకి దూరి, ఉడుకుతున్న శనగల కుండలో చన్నీళ్ళు పోసిన రోజున.

ఆవిడది సయాగో మెట్టప్రాంతం. రాళ్ళూ గొర్రెలూ తప్ప మరేమీ పండని చోటు. చర్చిలో తొలి సత్ప్రసాదం తీసుకునే ఎనిమిదో ఏడు దాకా కాళ్ళకి బూట్లుండేవి కావు. ఆ రోజుకైనా వేసుకున్నవి పినతల్లి కూతురివి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పంతొమ్మిదో ఏట పట్నంలో ఒక ముసలి ఫాదరుగారింట్లో పనికి కుదిరింది. ఆయన పోయాక రైల్వేలో సిగ్నళ్ళ దగ్గర పనిచేసే ఫెర్మీన్‌ని పెళ్ళాడింది. ఫెర్మీన్ నోట్లో నాలుక లేని మనిషి. పదకొండేళ్ళ కాపురంలో ఆయన ఆడిన ఎదురుమాట "పోనీలే" ఒక్కటే. చివరికి ఆ మాట అనే పోయాడు. పిల్లల్లేరు. మూడో అంతస్తులో, తను పడుకునే గది కాక, ఐదు పడకగదుల ఇల్లు మిగిలింది.

ఆ గదుల్ని ఆవిడ చదువుకునే పిల్లలకిచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళలో తొంభైమూడు మంది. ఏ సంవత్సరం ఏం జరిగిందో ఆవిడకి అంకెలతో గుర్తుండదు. బూర ఊదిన బెల్జియం వాడి ఏడు, పెట్టెలో పిల్లిని దాచి తెచ్చిన ఐర్లండ్ పిల్ల ఏడు, ఇలా లెక్క. యూనివర్సిటీ వసతి ఆఫీసు ఏటా నమ్మకమైన ఇళ్ళ జాబితా అచ్చువేస్తుంది. అందులో మొదటి పేరు కసిల్దాది. ఆ కాగితాన్ని వంటింటి తలుపు లోపలివైపు అతికించుకునేది. దాని పక్కనే మరియమాత పటం ఉంటుంది. పటమే కాస్త చిన్నది.

కానీ కాలం మారింది. పిల్లలు నలుగురైదుగురు కలిసి సొంతంగా ఫ్లాట్లు తీసుకోవడం మొదలుపెట్టారు. ఐదుగురు ముగ్గురయ్యారు, ముగ్గురు ఇద్దరయ్యారు. పోయినేడు ఆ ఇద్దరూ, ఒక జర్మనీ కుర్రాడూ ఒక ఫ్రెంచి పిల్లా, ఏడాది నడిమధ్యలో సామాను సర్దుకుని వెళ్ళిపోతూ ఆఫీసులో చెరో ఫిర్యాదూ రాసిచ్చారు. ఆఫీసు వాళ్ళు కొత్త నియమం పెట్టారు. పిల్ల చేరిన పదిహేనో రోజున ఒక ఉద్యోగిని ఇంటికొచ్చి పిల్లనే అడుగుతుంది. మూడో ఫిర్యాదు పడితే జాబితాలోంచి పేరు తీసేస్తారు.

ఆ ఏడు, అంటే 1997 అక్టోబరులో, కసిల్దాకి దొరికింది ఒక్కతే. పేరు రాద్కా. చెక్ దేశం పిల్ల, ఇరవై ఏళ్ళు, పొడుగు, నల్ల కళ్ళజోడు. స్పానిష్ అంతా పుస్తకాల్లోనే నేర్చుకుంది. నోరు విప్పితే మూడు వందల ఏళ్ళ కిందట చచ్చిపోయిన కవి లేచొచ్చి మాట్లాడుతున్నట్టుండేది.

శుక్రవారం పొద్దున వచ్చింది. వచ్చీరాగానే బూట్లు విప్పి మెట్ల దగ్గర తలుపు బయట జతగా పెట్టి, మేజోళ్ళతో లోపలికి నడిచింది.

కసిల్దా కళ్ళు కిందికి దిగాయి. అక్కడే ఉండిపోయాయి.

"ఏంటిది?"

"అమ్మగారికి వందనములు. పాదరక్షలతో గృహప్రవేశం చేయుట మా దేశమున అనాచారము."

"ఈ దేశంలో కాళ్ళకి ఏమీ లేకుండా తిరిగేవాళ్ళని ఏమంటారో తెలుసా? అడుక్కునేవాళ్ళంటారు. వెళ్ళి వేసుకురా."

"నేల మలినమగునని..."

"నా నేల మురికిదంటావా?"

పిల్ల తాను అన్నది అది కాదని చెప్పడానికి ఒక వాక్యం కట్టడం మొదలుపెట్టింది. ఆ వాక్యానికి క్రియ వచ్చేలోపు కసిల్దా వంటింట్లోకి వెళ్ళిపోయింది. అలా మొదలైంది.

కసిల్దా తెలివితక్కువది కాదు. ఈ పిల్ల చేతిలోనే తన పేరుందని ఆవిడకి తెలుసు. రోజూ పొద్దున్నే పునీత రీత పటం ముందు నిలబడి, "తల్లీ, పదిహేనంటే పదిహేను రోజులు నా నోరు కట్టెయ్యి, తర్వాత నీ ఇష్టం," అని మొక్కుకునేది. పునీత రీత అసాధ్యమైన కోరికలు తీర్చే తల్లి. కానీ ఆవిడకీ ఒక హద్దుంటుంది. పాలు పొంగేలోపు కసిల్దా నోరు విడిపోయేది.

"ఇరవై నిమిషాలు! ఇరవై నిమిషాలు స్నానం! గ్యాస్ బండ నువ్వు మోసుకొస్తావా మూడో అంతస్తుకి?"

"క్షమించవలెను. శిరోజములకు సబ్బు..."

"జుట్టు కత్తిరించుకో!"

రాద్కాకి పన్నెండింటికి ఆకలేసేది. ఆ ఇంట్లో రెండున్నరకి గాని కంచం పడదు. ఆ పిల్ల సాయంత్రం ఆరుకే రాత్రి భోజనమేదని చూసేది. ఆరింటికి భోంచేసేది ఆస్పత్రిలో రోగులేనని కసిల్దా ప్రకటించింది. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా వీధి వీధంతా కునుకు తీస్తుంటే, రాద్కా తన గదిలో పైకి గట్టిగా పాఠం చదువుకునేది. కసిల్దా చీపురు కర్రతో గోడ మీద బాదేది. రాద్కా ఎవరో తలుపు కొడుతున్నారనుకుని వచ్చి, "దయచేయండి," అనేది.

ఆ మొదటి వారంలోనే కసిల్దా ఇంకొకటి కూడా గమనించింది. గమనించనట్టే ఉంది. తోటి పిల్లలు వీధి మలుపులో రాద్కా రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టి, "ఫోన్ చేస్తాంలే!" అని నవ్వుతూ వెళ్ళేవాళ్ళు. ఫోన్ హాల్లో గోడకే ఉండేది. ఏడు రోజుల్లో అది మోగింది ఒక్కసారే. అది కూడా తప్పు నంబరు. అయినా ఆ పిల్ల ఫోన్ దగ్గరి కుర్చీలోనే పుస్తకం పెట్టుకుని కూర్చునేది.

"ఆ కుర్చీ కూర్చోడానికి కాదు," అంది కసిల్దా.

"మరి దేనికొరకు?"

"ఉండడానికి."

ఏడో రోజు, గురువారం, కసిల్దా ఇంట్లో పేకాట. నలుగురు వితంతువులూ ఒక సీసా తియ్యటి ద్రాక్షసారా. వాళ్ళల్లో కింది అంతస్తు ఒబ్దూలియా కూడా ఉంది. ఒబ్దూలియా నోరు తెరిస్తే అందులోంచి ముందు తేనె వస్తుంది, ఆ వెనకే కందిరీగ వస్తుంది. సరిగ్గా ఆట రసపట్టులో ఉండగా రాద్కా స్నానాలగదిలోంచి వచ్చింది. తడిజుట్టు, వట్టికాళ్ళు. నీళ్ళ అడుగులు పలకల మీద ఒకటొకటిగా పడుతుండగా హాలు మధ్యనించి నడిచి, ఆగి, "గౌరవనీయులైన వనితలకు శుభసాయంకాలము," అని తల వంచి వెళ్ళింది.

ఒబ్దూలియా ముక్క దించుతూ, "పాపం, ఏం కసిల్దా," అంది మెత్తగా. "ఒకప్పుడు నీ ఇంటికి డాక్టర్ల పిల్లలొచ్చేవాళ్ళు. ఇప్పుడు చెప్పులు కూడా లేని వాళ్ళు వస్తున్నారా? పోనీలే, ఎవరో ఒకరు."

కసిల్దా ఆ ఆట ఓడిపోయింది. ముప్పై ఏళ్ళలో పేకాట ఓడిపోవడం అదే మొదలు. రాత్రంతా ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయిన ఆ పాత బూట్లు ఆవిడ కళ్ళ ముందు తిరిగాయి. పొద్దున లేచాక పునీత రీత పటం వైపు చూడలేదు. తిన్నగా రాద్కా గది తలుపు కొట్టింది.

"ఇవాళ క్లాసు లేదుగా. బజారుకెళ్ళి చేప పట్టుకురా. హెర్వాసియో కొట్టు, బజారు గడియారం కింద. తోకవైపు మెర్లూసా కావాలను."

"వరుస ఉండునా?"

కసిల్దా ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో ఆవిడ మంచిదై ఉండొచ్చు. కాలేదు.

"వరసా గిరసా ఏం ఉండదు. ఆడాళ్ళు ఊరికే కబుర్లాడుతూ నించుంటారు. పట్టించుకోకు. తిన్నగా ముందుకెళ్ళి అడుగు. అడ్డొస్తే భుజంతో తొయ్యి."

ఆ ఊరి చేపలకొట్టు దగ్గర నిజంగానే వరస కనపడదు. కానీ లేదనడం మాత్రం మహాపాపం. లోపలికొచ్చిన మనిషి ముందు "చివరెవరు?" అని అడగాలి. ఎవరో ఒకరు "నేను" అంటారు. అంతటితో ఆ మనిషి వెనక నీ చోటు రాసిపెట్టినట్టే. ఆ తర్వాత రొట్టెకెళ్ళొచ్చు, మందుల షాపుకెళ్ళొచ్చు, ఒక బిడ్డని కని కూడా రావొచ్చు. నీ చోటు ఎవరూ ముట్టుకోరు. ఇది ఆ ఊళ్ళో పిల్లలకి శిలువ గుర్తు వేసుకోవడం కంటే ముందు నేర్పుతారు.

గంట తర్వాత రాద్కా వచ్చింది. చేతిలో చేప లేదు. కళ్ళజోడు ఒక చెవికే వేలాడుతోంది.

"ఏమైంది?" అంది కసిల్దా, కాఫీ కలుపుతూ.

"పదమువ్వురు స్త్రీలు నన్ను దూషించిరి. ఒకామె క్యాబేజీతో కొట్టెను."

"పెద్దదా, చిన్నదా?"

రాద్కా ఆవిడ మొహంలోకి చూసింది. ఆ చూపు కాఫీ చల్లారేదాకా నిలిచింది. తర్వాత గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

కసిల్దా ఆనందం ఎంతసేపో ఉండలేదు. వంటింటి తలుపు మూసేసరికి జాబితా కనపడింది. "ఓసి దరిద్రురాలా," అని తనని తనే తిట్టుకుంది. బంగాళాదుంపల అట్టు వేసి, గది బయట పీట మీద పెట్టింది. సాయంత్రానికి అట్టు అలాగే ఉంది. మధ్యలో చిన్న జెండాలా ఒక పళ్ళపుల్ల మాత్రం గుచ్చి ఉంది.

ఆ మర్నాటి నుంచి రాద్కా ఇంట్లో బూట్లేసుకుని తిరిగింది. మడమకి ఇనప నాడాలున్న కొండబూట్లు. మూడింటి నుంచి ఐదింటి దాకా, తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకి, టకటకటక. ఆ వారంలో ఆ పిల్ల నడిచిన నడకకి పోర్చుగల్ చేరి తిరిగి రావచ్చు. కసిల్దా గోడ మీద చీపురు కర్ర ఎత్తింది. ఎత్తిన కర్ర మళ్ళీ దించింది. అనడానికి ఏముంది? బూట్లు వేసుకోమన్నది తనే.

మాటలు మాత్రం లేవు. మంగళవారం ఒకసారి కసిల్దానే దిగొచ్చి, "ఉప్పు సరిపోయిందా?" అంది.

"వసతి ఆఫీసు ఆమె శుక్రవారం ఎన్నింటికి వచ్చును?" అంది రాద్కా.

పదిహేనో రోజు వచ్చింది. ఉద్యోగిని మార్సెలా ఒంటిగంటకు వస్తానని కబురు పెట్టింది. కసిల్దా వెయ్యని ఎత్తు ఇక ఒకటే మిగిలింది. మెర్లూసాని వెల్లుల్లీ పచ్చి ఆకులూ వేసి మట్టిమూకుట్లో వండితే, తిన్నవాళ్ళు ఎవరి మీదా ఫిర్యాదు రాయలేరు. ఫాదరుగారు బతికుండగా ఆ కూర తిన్న ఒక బిషప్పు, తనకు బద్ధవిరోధి అయిన ఇంకో బిషప్పుకి క్షమాపణ ఉత్తరం రాశాడట.

పదిన్నరకి బుట్ట పట్టుకుని చేపలకొట్టులోకి అడుగుపెట్టింది.

"చివరెవరమ్మా?"

ఎవరూ పలకలేదు.

పన్నెండు మంది ఆడవాళ్ళు. అందరి వీపులూ ఇటే ఉన్నాయి. హెర్వాసియో సార్డీనుల కడుపులు చీలుస్తూ తల ఎత్తలేదు.

"చివరెవరని అడిగాను. చెవులింట్లో పెట్టొచ్చారా?"

వీపులు కదల్లేదు. ఆ వెనకే రొట్టెల కొట్టు ముసలమ్మ వచ్చి "చివరెవరు?" అంటే, "నేను తల్లీ, రా," అని ఒకావిడ తేనెలూరే గొంతుతో పిలిచింది. ఆ తర్వాత ఒక ఆర్మీ వాడు వచ్చాడు. వాడికీ చోటు దొరికింది. ఒక మఠం సిస్టరు వచ్చింది. సిస్టరుకీ దొరికింది. కసిల్దా మాత్రం కొట్టు నడిమధ్యలో బుట్టతో నిలబడి, అసలు పుట్టనే పుట్టని మనిషిలా అయిపోయింది.

"ఒసేయ్ ఒబ్దూలియా!" అని అరిచింది. "ఏంటే ఈ నాటకం?"

ఒబ్దూలియా నెమ్మదిగా తిరిగింది. "వంతు సంగతి ఇప్పుడు గుర్తొచ్చిందా? తెలీని పిల్లని మా నెత్తి మీదికి తోలినప్పుడేమైందమ్మా?"

"అది నీకెవరు చెప్పారు?"

"ఎవరేంటి, ఆ పిల్లే! మర్నాడు వచ్చి తను చేసిన తప్పేంటని హెర్వాసియోని అడిగింది. 'అడ్డొచ్చిన వాళ్ళని తొయ్యమని మా అమ్మగారు చెప్పినారు' అంది. నేను దాన్ని క్యాబేజీతో కొట్టాను తెలుసా? పరాయిదేశం నుంచి వచ్చిన బిడ్డని, నీ మూలంగా! ఆదివారం పాపసంకీర్తనంలో ఫాదరుగారికి నేను చెప్పుకోవాల్సొచ్చింది!"

"ప్రాయశ్చిత్తం మూడు జపమాలలు వేశాడు ఆయన," అంది పక్కావిడ.

"నాలుగు," అంది ఒబ్దూలియా.

కసిల్దా నోరు తెరిచింది. అందులోంచి ఏమీ రాలేదు. ఆ రోజు గోపురం మీద కొంగలు అనుమానంగా ఇటే చూసి ఉంటాయి.

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. టక, టక. రాద్కా, చేతిలో వల సంచి.

"చివరెవరండీ?"

"నేను బిడ్డా," అంది సిస్టరు.

ఇప్పుడు చివరి మనిషి రాద్కా. ఆ సంగతి పన్నెండు మందికీ ఒకేసారి అర్థమైంది. వీపులన్నీ మొహాలుగా మారాయి. కసిల్దాకి చోటు కావాలంటే ఇక అడగాల్సింది ఆ పిల్లనే. లేదా వెళ్ళిపోవాలి. గోడ గడియారం పదకొండు దాటింది.

కసిల్దా గోడని అడిగింది. "చివరెవరు?"

గోడ పలకలేదు. రాద్కా ఐసు మీద రొయ్యల్ని చూస్తోంది.

కసిల్దా తల తిప్పింది. మెడ కిర్రుమన్నదని తర్వాత హెర్వాసియో అందరికీ చెప్పాడు. "నిన్నే అడుగుతున్నా. చివరెవరు?"

"ముందు మీరు చెప్పండి," అంది రాద్కా. ఆ గొంతులో పాతకాలపు కవి ఎక్కడా లేడు. "కావాలనే పంపారా?"

నలభై ఏళ్ళుగా ప్రతి ఈస్టరుకీ కసిల్దా పాపసంకీర్తనానికి వెళ్తోంది. వెళ్ళి చుట్టుపక్కల వాళ్ళ పాపాలన్నీ చెప్పి వచ్చేస్తుంది. తనది అని ఒక్కటి చెప్పిన పాపాన పోలేదు.

"కావాలనే," అంది.

"తప్పని తెలిసే?"

"తెలిసే. ఇంకా ఏమైనా ఉందా, ప్రాసిక్యూటరుగారూ?"

రాద్కా కళ్ళజోడు సర్దుకుంది. "నేనే చివర. నా తర్వాత మీరు."

ఎవరో ముక్కు చీదారు. అది ఏడుపు కాదు, జలుబు. ఒకరి తర్వాత ఒకరు కొనుక్కుని కదిలారు. చివరికి ఐసు మీద ఒకే ఒక్క మెర్లూసా మిగిలింది. మూడు కిలోలు, వెండి మెరుపు. రాద్కా వంతు వచ్చింది.

"అది," అంది రాద్కా. "మొత్తం."

కసిల్దా బుట్ట కింద పెట్టేసింది. "మొత్తమా? ఒక్కదానివి! నీకు వండడం కూడా రాదే రాకాసీ!"

"తల కూడా ఇవ్వండి," అంది రాద్కా హెర్వాసియోతో.

కసిల్దా అరకిలో సార్డీనులు పట్టుకుని ఇంటికి చేరేసరికి రాద్కా పెద్ద గిన్నెలో చేపని నిలువునా దింపి, నీళ్ళు పోసి, ఒక గుప్పెడు సోంపులాంటి నల్ల గింజలు చల్లుతోంది.

"ఏంటవి?"

"మా ఊరి గింజలు. అమ్మ పెట్టి పంపింది."

"చేపలోనా? సబ్బువాసన! తియ్యి! స్టవ్ తగ్గించు, ముక్కలైపోతుంది! అయ్యో, ఈ చేప ఏ పాపం చేసిందని..."

"ఇది నా చేప."

"ఇది నా గిన్నె!"

"గిన్నె తీసుకోండి, చేప నాకివ్వండి."

కాలింగ్ బెల్ మోగింది. ఇద్దరికీ వినపడలేదు. మళ్ళీ మోగింది. మార్సెలా తనే తలుపు తోసుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి, ఒకే గరిటెని చెరోవైపూ పట్టుకుని గుంజుకుంటున్న ఇద్దరినీ చూసి, ఫారం బయటికి తీసింది. పెన్ను కూడా తీసింది. కసిల్దా గరిటె వదిలేసి కుర్చీలో కూలబడింది. ఇక అయిపోయింది.

"అమ్మాయీ, భయపడకుండా చెప్పు," అంది మార్సెలా. "ఈవిడ మీద ఫిర్యాదులున్నాయా?"

"పదకొండు," అంది రాద్కా.

జేబులోంచి కాగితం తీసి చదివింది. స్నానం, చీపురు కర్ర, ఆకలి, కుర్చీ, అడుక్కునేదానివనడం, బజారు, క్యాబేజీ. గుడిలో ప్రార్థన చదివినట్టు ఒకటొకటిగా చదివింది. ప్రతిదానికీ కసిల్దా పెదాలు కదిలాయి, నిజమే, నిజమే అన్నట్టు. మార్సెలా అన్నీ రాసుకుని, "అయితే సంతకం చెయ్యి. రేపే వేరే ఇల్లు చూస్తాం. ఈవిడ పేరు తీసేస్తాం," అంది.

కసిల్దా లేచి తలుపు వైపు తిరిగింది. అతికించిన జాబితా ఒక మూల పట్టుకుంది, తనే పీకెయ్యడానికి. ఇంకొకరు పీకితే ఆవిడ తట్టుకోలేదు.

"నేనెప్పుడు వెళ్తానన్నాను?" అంది రాద్కా.

మార్సెలా పెన్ను ఆగింది. "పదకొండు ఫిర్యాదులమ్మా!"

"మీరు ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి. అవి నాకూ ఈవిడకీ మధ్యవి. మీ ఆఫీసుకెందుకు?"

"నీకు ఈవిడంటే ఇష్టమా?"

"అస్సలు లేదు." రాద్కా గిన్నె మూత తీసి గింజలు మళ్ళీ చల్లింది. "ఈ ఊళ్ళో అందరూ నన్ను ముద్దు పెట్టుకుంటారు, వెళ్ళిపోతారు. నేను ఇంటికి ఎన్నింటికొచ్చానో ఎవరికీ తెలీదు. ఈవిడకి నిమిషాలతో సహా తెలుసు. తిట్టడానికే అనుకోండి. ఇప్పుడు నేను వెళ్ళిపోతే గెలిచాననుకుంటుంది. జూన్ దాకా వెళ్ళను."

"ఎవరు గెలుస్తారో చూద్దాం లేవే!" అంది కసిల్దా. కాగితం మూలని అరచేత్తో మళ్ళీ తలుపుకి అదిమింది, అవసరమైన దానికంటే గట్టిగా. "ముందు ఆ మంట తగ్గించు!"

"తగ్గించను!"

మార్సెలా ఫారంలో ఒక అడ్డగీత గీసి, భోజనానికి ఉండమని ఎవరూ అనకపోయేసరికి మెట్లు దిగింది. రెండో అంతస్తులో ఒబ్దూలియా తలుపు వారగా తెరిచి నించుంది.

"ఏమైందమ్మా? తీసేశారా పేరు?"

"లేదండీ. ఆ పిల్ల ఉంటానంది."

పైన ఏదో గిన్నె మూత నేల మీద గిరగిరా తిరిగిన చప్పుడు. ఆ వెంటనే రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి.

"జూన్ దాకానా?" అంది ఒబ్దూలియా.

"జూన్ దాకా."

"దేవుడా," అంటూ ఒబ్దూలియా శిలువ గుర్తు వేసుకుంది. "ఒక గొంతు ఉంటేనే కొంగలు నిలిచేవి కావు."